మేము వాయించని ఎనిమిది లెక్కలు

నలభై ఏళ్ళు క్లారినెట్ ఊదాను. గుంటూరు చుట్టుపక్కల నేను ఊరేగించని పెళ్ళికొడుకంటూ ఉంటే వాడు రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నవాడై ఉండాలి. ముందుపళ్ళు రెండూ ఊడిపోయి, వాద్యాన్ని బీరువా మీద పెట్టేసి మూడేళ్ళయింది. ఇప్పుడు మా వీధిలో బ్యాండు నేర్చుకుంటున్న కుర్రాళ్ళు వచ్చి, "మాస్టారూ, మీరు వాయించినవాటిలో గొప్పదేది?" అని అడుగుతుంటారు. ఏదో పాట పేరు చెబుతానని నా మొహంలోకి చూస్తారు. నా జన్మలో గొప్పది ఎనిమిది తాళపు లెక్కల ముక్క. అందులో నేను ఒక్క స్వరం కూడా ఊదలేదు. ఊదకుండా ఉండటం నా గొప్పతనమా అంటే అదీ కాదు. ఇన్నాళ్ళూ ఈ సంగతి కడుపులోనే దాచుకున్నాను. పోయిన నెలలో నా బండారం ఎప్పుడో బయటపడిందని తెలిసింది. ఇక దాచి లాభం లేదు కాబట్టి మీకు చెప్పేస్తున్నాను.

మా మేళంలో పదహారు మందిమి. క్లారినెట్లు మూడు, శాక్సఫోన్లు రెండు, ట్రంపెట్లు నాలుగు, యుఫోనియంలు రెండు, బేస్ ఒకటి, మిగతావి డ్రమ్ములూ తాళాలూ. మూతపడిన ఒక జిన్నింగు మిల్లు వెనక షెడ్డులో సాధన చేసేవాళ్ళం. మిల్లు ఆగిపోయి ఏళ్ళయినా దూది మాత్రం పోలేదు. గట్టిగా ఊదితే ట్రంపెట్లోంచి స్వరం కన్నా ముందు దూదిపింజ బయటికొచ్చేది.

ముహూర్తాలు లేని నెలల్లో ఎవడి పని వాడిది. పెద్ద డ్రమ్ము వాయించేవాడు మిర్చి యార్డులో హమాలీ. పగలంతా మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మోసిన భుజానికే సాయంత్రం డ్రమ్ము తగిలించుకునేవాడు. నాకంటే పదేళ్ళు చిన్న. ముప్పై ఏళ్ళు నా వెనకే నడిచాడు. ఊరేగింపులో నేను క్లారినెట్ కొంచెం పైకెత్తితే చాలు, ధన్‌మని దెబ్బ పడేది. పడిందా లేదా అని వెనక్కి తిరిగి చూడాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు.

ఆ షెడ్డుకి ఒక రోజు ఒక అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. పాతికేళ్ళు కూడా ఉండవు. వీపున సంచి, సంచిలో లాప్‌టాప్. చిలకలూరిపేట వెళ్ళే దారిలో ఒక పల్లె వాళ్ళది. తల్లి మిరపకోతల కూలికి వెళ్తుందట. ఊళ్ళో చర్చిలో కీబోర్డు వాయిస్తూ మొదలుపెట్టి, నగరంలో సంగీతం చదువుకుని వచ్చింది.

"మాస్టారూ, నేనొక కథ రాశానండి. మాటలుండవు. ఆడవాళ్ళు ఆడతారు, మీరు ఊదుతారు. అంతా గాలి వాద్యాలకే రాశా."

"పాటా?"

"పాట కాదండి. ఐదు ఘట్టాలు. మిరప నారు దగ్గర మొదలై కల్లం దాకా వెళ్ళుద్ది."

లాప్‌టాప్‌లో వినిపించింది. అది యంత్రం ఊదిన చప్పుడు. సన్నగా, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా, దోమలు కూడబలుక్కుని పాడుతున్నట్టుంది. మా ట్రంపెట్ల వాళ్ళు మూతి బిగించి నవ్వాపుకున్నారు. నేనూ లేవబోయాను. అంతలో రెండో ఘట్టం వచ్చింది. కోతకి వెళ్ళే ఆడవాళ్ళు ట్రాక్టరు ట్రక్కులో ఊగుతూ పోవడం. యుఫోనియంలు గతుకులు పడుతుంటే పైన మూడు క్లారినెట్లు ఒకరి మాట మీద ఒకరు మాట వేస్తూ కబుర్లాడుతున్నాయి. నేను మళ్ళీ కూర్చున్నాను. కూర్చున్నానో కూలబడ్డానో తెలియదు. పెళ్ళిళ్ళలో సినిమా పాటల వెంట పరిగెత్తిన క్లారినెట్‌కి ఒకరు కూర్చుని కబుర్లు రాసిపెట్టడం నేను అంతకు ముందు వినలేదు.

"మా దగ్గరికే ఎందుకొచ్చావమ్మా?" అన్నాను.

"మా ఊళ్ళో పెళ్ళిళ్ళకి మీరొస్తే పెద్ద డ్రమ్ము పక్కనే నడిచేదాన్నండి. ఊరు దాటేదాకా. మా అమ్మ వచ్చి చెవి పట్టుకుని లాక్కెళ్ళేది. నేను రాసిందంతా మీ చప్పుడే మాస్టారూ."

తర్వాత అసలు సంగతి చెప్పింది. ఒక కళల సంఘం వాళ్ళు గుంటూరు బ్రాడీపేటలో ఒక హాలు ఒకే ఒక్క సాయంత్రానికి ఇచ్చారు. ఆమెకు చదువు చెప్పిన గురువుగారు వచ్చి ముందు వరసలో కూర్చుంటారు. బాగుందనిపిస్తే ఆయన అచ్చు వేయించి, బ్యాండ్లున్న కాలేజీలకు పంపుతారు. పెళ్ళి మేళం వాళ్ళ వల్ల కాదు, కంప్యూటర్ చప్పుడు పెట్టి నాట్యం ఆడించుకో అని ఆయనే ఆమెకు సలహా ఇచ్చారట. ఆమె ఒప్పుకోలేదు.

"మనుషుల ఊపిరితో ఇది ఒక్కసారి కూడా వినలేదు మాస్టారూ. ఇప్పుడు తప్పితే ఇక ఈ పెట్టెలోనే ఉండిపోద్ది," అంది.

ఇంకేముంది! ఒప్పేసుకున్నాం.

ఒప్పుకోవడం తేలికే. మాలో స్వరలిపి చదవగలిగింది నేనూ ఇంకో ఇద్దరం. మిగతావాళ్ళంతా చెవితో పట్టేవాళ్ళు. ఆ పిల్ల పదహారు మందికీ విడివిడిగా పాడి, ఫోన్లలో పంపింది. మర్నాటి నుంచి మిర్చి యార్డులో, ఆటో స్టాండులో, టీ కొట్టు దగ్గర మావాళ్ళు చెవికి ఫోను ఆనించుకుని తల ఊపుతూ కనబడేవారు. బేస్ వాయించేవాడి భార్య నాకు ఫోను చేసి, "ఏందండీ మాస్టారూ, ఎవరో ఆడపిల్ల గొంతు పెట్టుకుని పొద్దస్తమానం వింటున్నాడు?" అని నిలదీసింది. అది పాట కాదమ్మా, బేసు అని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మొదటి సాధనకి ఆమె కుర్చీలు వేయించింది. మా బతుకులో కూర్చుని వాయించింది లేదు. కుర్చీలో కూర్చోబెట్టేసరికి పదహారు మంది తాళమూ పదహారు దారులు పట్టింది. మా తాళం కాళ్ళలో ఉంటుంది. ఆ ముక్క మాకే తెలియదు. అరగంట చూసి ఆమె కుర్చీలన్నీ గోడకి చేర్పించింది. "నిలబడండి. ఉన్నచోటే నడవండి," అంది. అంతే, ఒక్క దెబ్బకి అందరూ దారిలోకొచ్చారు. మర్నాడు వచ్చి మొదటి ఘట్టంలో మేము జనం మధ్యలోంచి నడుస్తూ వేదిక ఎక్కేటట్టు మార్చేసింది. చదువుకున్నవాళ్ళలో అంత తొందరగా తమ రాతను దిద్దుకునేవాళ్ళని నేను తక్కువగా చూశాను.

చిక్కంతా నాలుగో ఘట్టం చివర వచ్చింది. కల్లంలో మిరపకాయలు ఎండుతుంటాయి. అకాలపు వాన పడుతుంది. ఆడవాళ్ళు పరుగెత్తి కాయల మీద టార్పాలిన్ పట్టాలు కప్పుతారు. సైడ్ డ్రమ్ములు వాన, ట్రంపెట్లు ఉరుములు, మేము గాలి. వాన వెలుస్తుంది. పట్టాలు తీస్తారు.

"ఆ తరవాత?" అన్నాను.

"ఆ తరవాత ఎనిమిది లెక్కలు ఖాళీ అండి. ఒక్కో లెక్కా ఒక నిండు ఊపిరంత. దాని వెనకే పెద్ద డ్రమ్ము దెబ్బ, ఐదో ఘట్టం, సంబరం."

"ఖాళీలో ఏం జరుగుద్ది?"

ఆమె నవ్వింది. "ఆ రోజు మీకే వినపడుద్ది మాస్టారూ."

చిన్నపిల్ల సరదా అనుకున్నాను. మళ్ళీ అడగడానికి నాకు పెద్దరికం అడ్డొచ్చింది.

మీకు మేళం సంగతి తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఊరేగింపు నడుస్తుంటే మేళం ఆగకూడదు. ఎవడి ఊపిరైనా ఆగితే పక్కవాడు అందుకోవాలి, అందరూ ఆగితే పెద్ద డ్రమ్ము లాగాలి. మేళం ఆగిందంటే పెళ్ళివారు పరుగున వస్తారు, ఏమైంది ఏమైంది అంటూ. చావు జరిగిన ఇంటి ముందు తప్ప మేము నోరు మూసింది లేదు. అటువంటి మాకు ఎనిమిది ఊపిర్ల ఖాళీ ఇచ్చింది ఈ పిల్ల.

పెద్ద డ్రమ్మువాడి వల్ల అస్సలు కాలేదు. ఆమె వేళ్ళు మడుస్తూ ఒకటీ, రెండూ అంటుంది. మూడో వేలు మడిచేలోపు ధన్! షెడ్డు రేకులు అదిరేవి.

"బాబాయ్!"

"నా తప్పు కాదమ్మా. చెయ్యి నా మాట వినట్లా."

రోజూ ఇదే. ఒక రోజు కర్ర చంకలో ఇరికించుకున్నాడు. మూడో లెక్కకి అరచేత్తో కొట్టాడు. ఇంకో రోజు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మోకాలితో తగిలించాడు. మేమందరం పడీపడీ నవ్వుతుంటే వాడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "నవ్వండ్రా నవ్వండి. ఊరకే నిలబడటం ఎంత కష్టమో మీకేం తెలుసు," అనేవాడు. చివరి వారానికి ఎట్లాగో పళ్ళు బిగించి ఎనిమిదీ నిలబడ్డాడు. షెడ్డంతా చప్పట్లు.

వాడు నేర్చుకున్నాడు సరే, నాకు మాత్రం లోపల గుబులు మొదలైంది. ఆ ఖాళీలో నిలబడితే నాకు గుండె చప్పుడు వినబడేది. ఆడేవాళ్ళు ఆ పల్లె కోలాటం జట్టు. ఎనిమిది మంది కూలి ఆడవాళ్ళు, ముందు నిలబడేది ఆ పిల్ల తల్లే. వాళ్ళు విడిగా చర్చి ఆవరణలో నేర్చుకుని, మా షెడ్డుకి ఒక్కరోజే వచ్చారు, అదీ కోత దిగి నేరుగా. ఆ ఎనిమిది లెక్కల్లో మాకు వీపులు పెట్టి నిలబడి, ఉత్త చేతుల్ని చెవుల దాకా లేపారు. నాకేమీ అర్థం కాలేదు. ఆ రోజు చేతుల్లో సామాను ఉంటుందని ఆ పిల్ల అంది. పూలేమో అనుకున్నాను. పూలు పట్టుకుంటే మాత్రం ఖాళీ ఖాళీ కాకుండా పోతుందా? జనం ఏమనుకుంటారు? మేళం మర్చిపోయిందనుకుంటారు. పెళ్ళి బ్యాండు కదా, అంతేలే అని ఆ గురువుగారు అనుకుంటాడు.

ఆ పిల్ల నా గుబులు కనిపెట్టినట్టుంది. ఆ రోజు అందరూ సామాను సర్దుకుంటుండగా నా దగ్గరికొచ్చింది.

"మాస్టారూ, ఎక్కడ ఏ తప్పు పోయినా నాకు పర్లేదు. ఆ ఎనిమిది లెక్కలు మాత్రం నాకివ్వండి. దానికోసమే మిగతాదంతా రాశా. మాటివ్వండి."

చెయ్యి చాపింది. చేతిలో చెయ్యి వేశాను.

వేసి, ఆమె స్కూటీ మలుపు తిరిగిందో లేదో, డ్రమ్మువాణ్ణి పక్కకి పిలిచాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, వినండి.

"ఒరేయ్, ఆ ఖాళీలో హాలు చల్లబడినట్టు నాకనిపిస్తే క్లారినెట్ ఎత్తుతా. నువ్వు కొట్టెయ్. నేరుగా సంబరంలోకి పోదాం."

వాడు డ్రమ్ము మీద గుడ్డ కప్పాడు. "అమ్మాయికి చెప్పారా మాస్టారూ?"

"ప్రతీదీ చెప్పక్కర్లా. పరువు పోకుండా చూసుకోవాల్సింది నేను."

"మీ ఇష్టం," అన్నాడు. ముప్పై ఏళ్ళలో వాడు నాకు చెప్పిన సమాధానం ఎప్పుడూ అదే.

ఆ సాయంత్రం రానే వచ్చింది. ఎర్ర కోట్లు ఇస్త్రీ చేయించుకుని, బంగారు జరీ పట్టీలు తళతళలాడిస్తూ బ్రాడీపేటలో ఆటోలు దిగాం. హాలు నిండిపోయింది. ముందు వరసల్లో సంగీతం తెలిసిన పెద్దలు. వెనక వరసల్లో ఆ పల్లెవాళ్ళు, మా డ్రమ్మువాడు పిలుచుకొచ్చిన యార్డు హమాలీలు, మా అందరి ఇళ్ళవాళ్ళు. ఏసీ గాలికి క్లారినెట్ మూతి దగ్గరి రీడు ఎండిపోతోందని నాలుకతో తడుపుకుంటూ తలుపు బయట నిలబడ్డాను. ఉన్నచోటే నాలుగడుగులు వేసి చూసుకున్నాను. వందల ఊరేగింపులు నడిచిన కాళ్ళవి!

తలుపు తెరిచారు. మొదటి అడుగుతో పాటు మొదటి స్వరం. జనం మధ్యలోంచి నడుస్తున్నాం, అటూ ఇటూ తలలు తిరుగుతున్నాయి, పిల్లలు కుర్చీలెక్కి చూస్తున్నారు. నా వంట్లో ఇరవై ఏళ్ళ వయసు తిరిగొచ్చింది. వేదిక ఎక్కి వెనక మెట్ల మీద అర్ధచంద్రంగా నిలబడ్డాం. ఒక కొసన నేను, ఇంకో కొసన పెద్ద డ్రమ్ము. మా ముందు ఆడవాళ్ళు. కింద, వేదికకి ఎదురుగా, జనానికి వీపు పెట్టి ఆ పిల్ల. ఆమె చెయ్యి లేపితే నారు మొలిచింది. రెండో ఘట్టంలో ట్రాక్టరు కదిలింది. ఆడవాళ్ళు గతుకుల్లో ఒకరి మీద ఒకరు పడుతూ లేస్తూ నవ్వుతూ ఆడుతుంటే హాలంతా ఊగింది.

అక్కడ పడింది దెబ్బ. మూడో ఘట్టం, కోతల ఆట. అది ముగుస్తుండగా వెనక వరసల నుంచి చప్పట్లు, ఈలలు. పెళ్ళిలో చప్పట్లు పడ్డాయంటే మాకు అర్థం ఒకటే. మళ్ళీ వాయించమని. ఆ అలవాటు ఎముకల్లో ఉంది. నలుగురు ట్రంపెట్ల వాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే మూడో ఘట్టం మళ్ళీ మొదటికెత్తారు! మిగతావాళ్ళం చచ్చినట్టు వెంటపడ్డాం. ఆడవాళ్ళు ఒక్క క్షణం తికమకపడి, తల్లి "ఊఁ, పదండే" అనగానే మళ్ళీ తిరగడం మొదలుపెట్టారు. కోసిన చేనే రెండోసారి కోశారు. ఆ పిల్ల మొహంలో రంగు మారలేదు. అదంతా తన రాతలోనే ఉన్నట్టు చేతులు ఊపుతూనే ఉంది. నేను మాత్రం గురువుగారిని చూశాను. ఆయన ఒడిలో ఉన్న రాతప్రతిలో కాగితాలు అటూ ఇటూ తిప్పుకుంటున్నాడు. నా ప్రాణం సగం అక్కడే పోయింది.

వాన వచ్చింది. ఆ వాన ఎట్లా వాయించామో నేను చెప్పలేను. కుర్చీల్లో జనం తలలు వంచుకున్నారు, నిజంగానే నెత్తిన పడుతున్నట్టు. పట్టాలు ఎగిరాయి, ఆడవాళ్ళు వాటి మీద పడి అదిమిపట్టారు. ఉరిమింది, వెలిసింది. పట్టాలు తీశారు.

ఖాళీ.

ఒకటి. ఏసీ మిషను చప్పుడు వినబడింది. రెండు. ఎవరో దగ్గారు. ఒక కుర్చీ కిర్రుమంది. ఆడవాళ్ళు కొంగుల్లోంచి ఏదో తీస్తున్నారు, వీపులు అడ్డమై నాకు కనబడటం లేదు. మూడు. గురువుగారు పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. అంతే. మేళం మళ్ళీ తప్పిందంటున్నాడు అనుకున్నాను. ఇచ్చిన మాట లేదు, ఏమీ లేదు. నా మోచేతులు వాటంతటవే లేచాయి. క్లారినెట్ నా నుదురు దాటి పైకి వెళ్ళింది.

ఎదురు కొసన పెద్ద డ్రమ్మువాడి కర్ర లేచింది.

నాలుగు.

కర్ర పడలేదు.

ముప్పై ఏళ్ళలో మొదటిసారి పడలేదు. వాడు నా వైపు చూడటం లేదు. తల ఒక పక్కకి వంచి, ఆ తల్లి వైపు చెవి పెట్టాడు. అప్పుడు నాకూ వినబడింది. గల. గలగల. ఆ తల్లి గుప్పెడు ఎండు మిరపకాయలు చెవి దగ్గర పెట్టుకుని ఊపుతోంది. వెంటనే రెండో ఆవిడ, మూడో ఆవిడ. ఎనిమిది గుప్పెళ్ళలో కాయల లోపల గింజలు మోగుతున్నాయి.

గుంటూరు మనిషికి ఆ చప్పుడు వేరే చెప్పాలా! కాయ ఎండితే గింజ మోగుతుంది. నెమ్ముంటే మోగదు. వాన తడిపిన కల్లంలో రైతు మొట్టమొదట చేసే పని అదే, గుప్పెడు తీసి చెవి దగ్గర ఊపడం. ఆ ఏడాది బతుకంతా ఆ చప్పుడులో ఉంటుంది. అది వినడానికి ఇల్లంతా ఊపిరి బిగబడుతుంది. ఈ పిల్ల మా చేత ఊపిరి బిగబట్టించడానికి ఇంత కథ నడిపింది. మేళం కుటుంబంలో పుట్టి కల్లం తొక్కని నేను, దాన్ని ఖాళీ అనుకున్నాను.

ఐదు. ఆరు. హాలు హాలంతా చెవి అయిపోయింది. ఏడు. వెనక వరసలోంచి ఎవరో హమాలీ ఆపుకోలేక లేచి నిలబడి అరిచాడు.

"ఎండినయ్!"

ఎనిమిది. కర్ర దిగింది. ధన్!

అబ్బ, ఆ దెబ్బ! నా పక్కటెముకల్లో ఇప్పటికీ ఉంది. హాలంతా లేచింది. సంబరం వాయించామో, సంబరమే మమ్మల్ని వాయించిందో! ఎప్పుడు వేదిక దిగామో, ఎప్పుడు జనంలో కలిసిపోయామో తెలియదు. ఆడవాళ్ళు కాయలు పైకి విసిరారు. ఆ ఘాటుకి ముందు వరస పెద్దలందరూ తుమ్ములే తుమ్ములు. గురువుగారు తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ, తుమ్ముల మధ్య చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. ఆ కళ్ళ నీళ్ళు మిరపవో కావో ఆయనకే తెలియాలి.

ఆ గొడవలోనే ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి నా చేతులు రెండూ పట్టుకుంది. "మాట నిలబెట్టుకున్నారు మాస్టారూ," అంది. కళ్ళు మెరుస్తున్నాయి. పక్కన డ్రమ్మువాడు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ పైకప్పు కేసి చూస్తున్నాడు. నేను ఏమన్నానో తెలుసా? "అదేముందిలేమ్మా," అన్నాను. ఆ మెచ్చుకోలు జేబులో వేసుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో వాణ్ణి అడిగాను, "ఎందుకు కొట్టలేదురా?"

"మీరు ఎత్తింది చూశా మాస్టారూ. కొడదామనే కర్ర లేపా. ఈలోపు గింజ మోగింది. కాయ ఊపుతుంటే యార్డులో ఎవడన్నా చప్పుడు చేస్తాడా? రైతు కొట్టి చంపుతాడు."

"మరి ఇన్నాళ్ళూ సాధనలో నీ చెయ్యి మాట వినలేదుగా."

"సాధనలో వినడానికి ఏముంది అక్కడ?" అన్నాడు వాడు. ఆటో దిగుతూ, "అమ్మాయితో ఏమీ అనబోకండి. మీరు ఎత్తలేదు, నేను చూడలేదు," అన్నాడు. వాడి పెద్దమనసు నన్ను ఇంకా చిన్నబుచ్చింది.

గురువుగారు అన్నమాట ప్రకారం అచ్చు వేయించాడు. తర్వాత ఒకటి రెండేళ్ళు మేళంతో నడిచాను, నా పళ్ళు పోయాయి, నేను మానేశాను. వాడు ఇంకా టిక్కీలు మోస్తున్నాడు, డ్రమ్మూ మోస్తున్నాడు. ఆ పిల్ల చెప్పిన ఆ ఒక్క మాట మాత్రం ముల్లులా లోపలే ఉండిపోయింది. ఎన్నోసార్లు ఫోను తీశాను, పెట్టేశాను.

పోయిన నెలలో ఆమే నాకొక వీడియో పంపింది. ఎక్కడో దూరపు రాష్ట్రంలో ఒక కాలేజీ బ్యాండు పిల్లలు మన మిరప కథ ఆడుతున్నారు. మా ఆవిడని కూడా పిలిచి కూర్చోబెట్టుకున్నాను. నారు, ట్రాక్టరు, కోత. కోత రెండుసార్లు కోశారు! ఇదేమిటని ముందుకు వంగాను. వాన వెలిసింది. ఖాళీ. మూడో లెక్కలో, కొసన నిలబడ్డ ఒక క్లారినెట్ పిల్ల వాద్యాన్ని నుదుటి పైకి ఎత్తింది. ఇంకో కొసన డ్రమ్ము కర్ర లేచింది. లేచి, అట్లాగే ఆగింది. గింజలు మోగాయి.

నా తప్పు అంత దూరం ఎట్లా వెళ్ళింది? వెంటనే ఫోను చేశాను. పలకరింపుల్లేవు, ఏమీ లేవు. "అమ్మా, ఆ రోజు నేను క్లారినెట్ ఎత్తాను. మాట తప్పాను. నీ ఎనిమిది లెక్కలు కాపాడింది వాడు, నేను కాదు," అని గబగబా చెప్పేశాను.

అటునుంచి నవ్వు. "నేను మీకు ఎదురుగానే నిలబడ్డా కదా మాస్టారూ. నాకు కనపడదా?"

"మరి మాట నిలబెట్టుకున్నారు అన్నావే!"

"ఆ మాట మీ ఇద్దరికీ చెప్పా. మీరొక్కరే తీసుకున్నారు." మళ్ళీ నవ్వింది. "నేను రాసిన ఖాళీలో జనం కుర్చీలు కదుపుతున్నారండి. మీరు క్లారినెట్ ఎత్తారు, బాబాయ్ కర్ర ఎత్తాడు, ఏదో పడబోతోందని అందరూ ఊపిరి బిగబట్టారు. అప్పుడేగా గింజ వినపడింది. అంతకన్నా మంచి ఖాళీ రాయడం నాకు చేతకాలా. అందుకే అచ్చుకిచ్చేటప్పుడు అట్లాగే రాసేశా. క్లారినెట్ పైకి, ఊదరాదు. కర్ర పైకి, కొట్టరాదు. కోత రెండుసార్లు."

అన్నేళ్ళు మోసిన ముల్లు ఎక్కడో కాలేజీలో పిల్లలు సాధన చేస్తున్నారు! నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. డ్రమ్మువాడికి ఫోను చేసి చెప్పాలని ఒకటే ఆత్రం. అంతలో వీడియో మళ్ళీ గుర్తొచ్చి, నలభై ఏళ్ళ మాస్టారుగిరీ ఊరుకోలేదు.

"అంతా బాగానే ఉంది గానీ, ఆ క్లారినెట్ పిల్లకి ఒక మాట చెప్పమ్మా. ఎత్తడం సరిగ్గా లేదు. మోచేతులు ఇంకా పైకి రావాలి," అన్నాను.